రెండో చెవి

లాస్య ఎడమ చెవి వినడం మానేసినప్పుడు వకుళ మొదట తిట్టింది కేబుల్‌ని. తరవాత తిట్టింది కన్నతల్లిని. తిట్టాల్సిన వాళ్లని తిట్టడానికి ఆమెకి ఇంకొన్నాళ్లు పట్టింది. ఆ ఆలస్యానికి ఆమె తనని తాను ఇప్పటికీ క్షమించుకోలేదు. క్షమించుకోమని మనం బతిమాలాల్సిన పని కూడా లేదు.

ఆ రోజు ఆమె హాల్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. పదమూడేళ్ల లాస్య చెవుల్లో ఇయర్‌ఫోన్లతో వచ్చి నిలబడింది.

"అమ్మా, ఎడమ చెవిలో సరసరమంటోంది. ఎవరో పట్టుచీర నలుపుతున్నట్టు."

"కేబుల్ చొక్కాకి రాసుకుంటోంది. చెవి వెనకనించి తిప్పి వేసుకో. కాలరుకి క్లిప్పు పెట్టుకో." వకుళ తలెత్తలేదు.

తలెత్తకపోవడానికి కారణం ఉంది. ఆ సరసర మీద ఫిర్యాదులు ఆమె చూస్తున్న తెర నిండా ఉన్నాయి. వాటన్నిటికీ కంపెనీ ఇచ్చే జవాబు కూడా అదే, కేబుల్ రాసుకుంటోంది, చెవి వెనకనించి తిప్పుకోండి అని. రోజంతా ఊరందరికీ చెప్పిన మాటే ఇంట్లో పిల్లకీ చెప్పింది.

వకుళ పని చేసేది విశాఖపట్నంలో, రుషికొండ దాటాక కట్టిన ఒక అద్దాల మేడలో. అక్కడ తయారయ్యే వస్తువు పేరు 'లేత'. ఇయర్‌ఫోన్ కొసన చెవిలో దూరే చిన్న టిప్పు అది. మామూలు రబ్బరు టిప్పు ఏ చెవికీ పూర్తిగా అతకదు. సందులోంచి గాలి పోతుంది, గాలితోపాటు డప్పు మోత, మృదంగం నాదం అన్నీ కారిపోతాయి, చివరికి కీచుగొంతు మిగులుతుంది. ఎంత ఖరీదు ఇయర్‌ఫోనైనా అంతే. 'లేత' రబ్బరుది కాదు, చర్మకణాల నించి పెంచిన బతికున్న జిగురు. చెవిలో పెట్టుకున్న కాసేపటికి మెత్తబడి, ఆ చెవి వంపులన్నీ తెలుసుకుని సర్దుకు కూర్చుంటుంది. కేబుల్‌లోంచి పాటతోపాటు సన్నటి కరెంటు వచ్చి దానికి ప్రాణం పోస్తూ ఉంటుంది. పెట్టుకున్నవాళ్లు వీణ తమ ఒళ్లో మోగుతోందనేవాళ్లు. అందులో అబద్ధం లేదు.

టిప్పుల విభాగానికి వకుళ పెద్ద, కేబుళ్ల విభాగానికి జోగారావు పెద్ద. ఫిర్యాదు వచ్చినప్పుడల్లా ఈమె కేబుల్ అనేది, అతను టిప్పు అనేవాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు చివరికి నింద కేబుల్ మీదే నిలిచింది, ఎందుకంటే కేబుల్ మార్చడం సులువు, టిప్పు మారిస్తే కంపెనీయే ఉండదు. డైరెక్టర్ నీలకంఠం గారు అందులోంచి ఒక బేరం కూడా కనిపెట్టారు. సరసర వినపడేవాళ్లు వెండి కేబుల్ కొనుక్కోవచ్చన్నారు.

"వెండిదైనా రాగిదైనా బట్టకి రాసుకుంటే చప్పుడొకటేనండి! బంగారు చెంచాతో తింటే పప్పులో ఉప్పు పెరుగుతుందా?" అని జోగారావు మీటింగులోనే కసిరాడు. అతని మాట ఎవరూ వినలేదు. వకుళ విన్నది కానీ, అతని పక్షం మాట్లాడితే నింద తన టిప్పు మీదికి వస్తుందని ఊరుకుంది.

* * *

లాస్య తండ్రి ఓడలో ఇంజనీరు, ఏడాదిలో సగం సముద్రం మీదే ఉంటాడు. ఇంట్లో ఉండేది వకుళ, లాస్య, వకుళ తల్లి సింహాచలం. సింహాచలం చాలాకాలం బడిలో మధ్యాహ్న భోజనం వండి, పిల్లల్ని కేకేసి పిలిచి పెట్టిన మనిషి. ఆ గొంతుకి కాంపౌండు గోడలు కూడా అడ్డం కాదు. అటువంటిది, ఒక సాయంత్రం వంటగదిలోంచి పిలుస్తూ పిలుస్తూ ఆమెకే విసుగొచ్చింది.

"ఏటే గుంటా, ఎన్నిసార్లు పిలవాలే? పక్కనే ఉన్నానుగదేటి!"

లాస్య వంటగది పక్కనే, ఎడమ చెవి అటు ఉండేలా కూర్చుని, చెవులకి తగిలించిన ఇయర్‌ఫోన్లలో పాటేమీ పెట్టకుండానే కిటికీలోంచి చూస్తోంది. తల తిప్పలేదు. వకుళ గుమ్మంలోంచి అది చూసింది. పాట లేదు. ఫోన్ బల్ల మీద ఆపి ఉంది.

ఆమె వెళ్లి పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. కేబుల్‌ని రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని కదలకుండా చేసింది. "ఇప్పుడు వస్తోందా సరసర?"

"వస్తోంది."

ఫోన్లోంచి కేబుల్ పీకేసింది. "ఇప్పుడు?"

"ఇంకా వస్తోందమ్మా. ఆగదది."

పట్టుకుంటే కేబుల్ చప్పుడు ఆగిపోవాలి, పీకేస్తే అసలు ఉండకూడదు. ఆమె కుడిచెవిలో టిప్పు పట్టుకుని లాగింది. ద్రాక్ష తొక్కలా జారి చేతిలోకి వచ్చింది. ఎడమచెవిలోది రాలేదు. ఇంకొంచెం లాగేసరికి పిల్ల వేసిన కేకకి కింద ఫ్లాటువాళ్లు కూడా బయటికొచ్చారు.

చెవి డాక్టరు తబస్సుమ్ గొట్టంలోంచి చాలాసేపు చూసింది. "ఇది ఇప్పుడు టిప్పు కాదండీ. చర్మంలో కలిసిపోయింది. లోపలికి పాకి కర్ణభేరిని పట్టుకుంది, ఆ సరసర అది పాకే చప్పుడే. లాగితే భేరి కూడా ఊడి వస్తుంది." తరవాత అడిగింది, "చెవిలో ఏమైనా పోస్తుంటారా?"

"అమ్మమ్మ ఆదివారం తలంటేటప్పుడు నూనె వేస్తుంది," అంది లాస్య, కుడిచెవి డాక్టరు వైపు తిప్పి.

"చెవిలో నూనె పొయ్యొద్దని ఎన్నాళ్లనించి చెబుతున్నాం! ఒక్కరూ వినరు కదా," అంది డాక్టరు. ఆమె మామూలుగా అందరితో అనే మాటే అది. వకుళకి అదే దొరికింది. ఇంటికి చేరేదాకా నోట్లో పెట్టుకుని నమిలింది.

"నువ్వే చేశావమ్మా!" అని గుమ్మంలోనే అరిచింది. "నీ చాదస్తం నా కూతురి చెవి తినేసింది. నూనె, నూనె, నూనె! ఎవరడిగారు నిన్ను?"

సింహాచలం చేతిలో గరిటె అలాగే ఉంది. "కాసిన నువ్వుల నూనె, రెండు సుక్కలు. నీకూ ఏసినాను గదే, నీ అన్నకీ..."

"మా చెవుల్లో అది లేదు! నోర్ముయ్యమ్మా ఇంక!"

తల్లిని ఆ మాట అనడం వకుళకి అదే మొదటిసారి. సింహాచలం నోరు మూసుకుంది. నూనె కాచే చిన్న గిన్నెని తోమి, తుడిచి, స్టూలెక్కి అటక మీద పెట్టేసింది. ఆ రోజునించి మనవరాలి తల ముట్టుకోలేదు. లాస్య దగ్గరికి వస్తే లేచి బాల్కనీలోకి పోయేది. అన్నం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకునేది. వకుళ అదంతా చూసి కూడా, పడనీ, పాపం చేసింది కదా అనుకుంది. కోపం మనిషిని ఎంత కిందికి లాగుతుందో ఆ రోజుల్లో ఆ ఇంట్లో చూడాల్సింది.

* * *

హైదరాబాదునించి, పుణెనించి, మద్రాసునించి అతుక్కుపోయిన టిప్పుల ఫిర్యాదులు వచ్చాయి. ఎక్కువమంది కాలేజీ పిల్లలు. నీలకంఠం గారు వకుళని తన గదికి పిలిచారు. ఆయన టేబుల్ మీద రకరకాల ఇయర్‌ఫోన్లు ఉండేవి గాని, ఆయన చెవిలో 'లేత' పెట్టుకోగా ఎవరూ చూడలేదు.

"మీ పాప సంగతి విన్నాను. చాలా బాధ వేసింది," అన్నారు. "రేపు ఉదయం పత్రికలవాళ్లని పిలుస్తున్నాం. మీరు మాట్లాడితే బాగుంటుంది. మీరు ఇంజనీరు, పైగా తల్లి. ఇళ్లల్లో ముసలాళ్ల చాదస్తం పిల్లల చెవులు తినేస్తోందని మీ నోటితో చెబితే జనం నమ్ముతారు."

తన మాటే. చాదస్తం, తినేయడం, అన్నీ తనవే. తల్లి ముఖాన కొట్టిన మాటని ఈయన ఇస్త్రీ చేసి తొడుక్కున్నాడు.

"ఫిర్యాదు చేసినవాళ్లంతా నూనె వేసుకున్నారా సర్? అడిగారా?"

"అడగడం దేనికి? మన పరీక్షల్లో ఒక్క చెవి కూడా అతుక్కోలేదు కదా. మనం పరీక్షించింది శుభ్రమైన చెవులు. బయట ఉన్నవి జిడ్డు చెవులు. తేడా నూనె ఒక్కటే."

లెక్క సరిగానే ఉన్నట్టుంది. వకుళ సరేనంది. తను నమ్మినదే కదా చెప్పమంటున్నారు. మాట్లాడటానికి వివరాలు కావాలి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి, బాల్కనీలో గోడ వైపు తిరిగి కూర్చున్న తల్లిని అడిగింది.

"అమ్మా, ఎంత నూనె పోసేదానివి? ఎన్నాళ్లనించి?"

సింహాచలం గోడకే జవాబిచ్చింది. "అడిగినావు గాబట్టి సెప్తన్నాను. ఆ రోజు అడగనేదు నువ్వు. తిట్టీసినావంతే. రెండు సుక్కలు, ఒక్క సెవిలోనే."

"ఒక్క చెవిలో ఏమిటి?"

"ఏటంటే? నీ కూతురు ఒక పక్క ఏయించుకోగానే ఫోనొచ్చిందని లేసి లగెత్తీసీది. రెండోపక్క తిరగవే, తిరగవే అని ఎనకాల అరుసుకోడమే నా పని. పతీ ఆదివారం అదే గోల. సిన్నగుంట గదా అని ఊరుకునీదాన్ని."

"ఏ చెవి?" వకుళ ఒక అడుగు ముందుకి వేసింది. "అమ్మా, ఏ చెవిలో వేసేదానివి?"

సింహాచలం వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి తన చెవి ముట్టుకుంది. కుడిచెవి.

వకుళ గడప మీద కూర్చుని గుర్తు చేసుకుంది. కుడిచెవిలోది ద్రాక్ష తొక్కలా జారి వచ్చింది. నూనె పడని చెవి అతుక్కుపోయింది. నూనె పడిన చెవి బతికింది. ఇంజనీరు, ధ్వనిశాస్త్రం చదివింది, రెండు చెవులూ తన చేత్తోనే లాగి చూసింది, అయినా ఎందుకు ఒకటి వచ్చిందో ఒకటి రాలేదో అడగలేదు. తిట్టడానికి మనిషి దొరికితే అడగాలని తోచదు.

మరి పరీక్షల్లో చెవులు? అవి శుభ్రమైన చెవులు కదా?

పరీక్షలకి వచ్చినవాళ్లు పెందుర్తి వైపు మనుషులు. ప్రతి సోమవారం వచ్చేవాళ్లు. 'శుభ్రంగా తలస్నానం చేసి రావలెను' అని కబురు పెట్టింది వకుళే. సోమవారం సాయంత్రం వాళ్ల టిప్పులు స్పిరిట్‌తో తుడుస్తూ, ఈ జిడ్డేమిటి బాబూ, కుంకుడుకాయ కంపు అని ముక్కు మూసుకున్నదీ వకుళే. వాళ్లలో ఒకావిడ నంబరు ఆమె ఫోన్లో ఇంకా ఉంది.

"అప్పలనరసమ్మగారూ, మీరు పరీక్షకి వచ్చేముందు చెవిలో నూనె వేసుకునేవారా?"

అవతలినించి నవ్వు వినపడింది. "అదేటమ్మా అలగడుగుతావు? తానం సేసి రమ్మన్నారు గదా. అంత పెద్దాపీసుకి పిలిస్తే తలంటుకోకుండా ఎలగొస్తాం? మా ఆయనకీ నానే ఏసీదాన్ని, రెండు సెవుల్లోనూ. మా ఈదిలో వొచ్చినోళ్లందరం అంతే."

మర్యాద కోసం చేసిన పని అది. పిలిచినవాళ్ల గౌరవం నిలపాలని ఆదివారం తలంటుకుని, చెవుల్లో నూనె వేసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు. ఆ నూనే 'లేత'ని అన్ని పరీక్షల్లోనూ గట్టెక్కించింది. ఇప్పుడు కంపెనీ ఆ నూనెనే బోనెక్కించబోతోంది. రేపు ఆ మాట పత్రికల్లో పడితే, ఇంకా నూనె వేస్తున్న అమ్మమ్మలు, నాయనమ్మలు భయపడి మానేస్తారు. ఇప్పటిదాకా మిగిలిన చెవులు కూడా పోతాయి.

వకుళ అన్నం తినకుండా లేచింది. తల్లితో ఒక్క మాట అనాలనుకుంది. చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

* * *

జోగారావు అంతా విని, ముందు చేతులు కట్టుకున్నాడు. "ఇన్నాళ్లూ నా కేబుల్‌ని తిట్టారు కదండీ మీరు."

"తిట్టాను. ఇప్పుడు నీ కేబులే కావాలి."

ల్యాబులో పెంచిన చర్మం ఉంటుంది, అరచెయ్యంత బిళ్లలు, పింగాణీ పళ్లేలకి అంటుకుని. రెండు పళ్లేలు తీసుకున్నారు. ఒకదాని మీద నువ్వుల నూనె చుక్క రాశారు. ఒకదాన్ని పొడిగా ఉంచారు. రెండిటి మీదా చెరొక టిప్పు పెట్టారు. జోగారావు కేబుళ్లలో కరెంటు బాగా పెంచాడు, వారాల పని గంటల్లో తేలాలని. సాయంత్రానికి తేలింది. వకుళ పళ్లేలు పట్టుకుని నేరుగా నీలకంఠం గారి గదికి వెళ్లింది.

ఆయన చూశారు. తెలివైనవాడు, చెప్పకముందే అర్థమైంది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అయితే నూనె రాసుకుని వాడండని లోకానికి చెప్పమంటారా వకుళగారూ?"

"వెనక్కి తెప్పించండి సర్. అన్నీ. నూనె మీద తోస్తే ఉన్న పిల్లల చెవులు కూడా..."

"నేను రేపు మీ చేత చెప్పించేది మారదు," అన్నారు ఆయన, చాలా మెత్తగా. "ప్రజల అలవాట్లకి కంపెనీ బాధ్యత వహించదు. మీరు బాధలో ఉన్నారు. ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోండి. ఆ పళ్లేలు ఇక్కడ పెట్టెయ్యండి."

తెలిసి కూడా! అప్పటిదాకా వకుళ కోపం కేబుల్ మీద, తల్లి మీద, తన మీద పడి తిరిగింది. ఇప్పుడు చేరాల్సిన చోటికి చేరింది. ఆమె పళ్లేలు పెట్టలేదు.

మర్నాడు హాలు నిండా కెమెరాలు. నీలకంఠం గారు ఆమెని ఆపలేకపోయారు, ఆమె పేరు ముందే ప్రకటించేశారు మరి. వకుళ మైకు ముందుకి వచ్చి, సంచిలోంచి రెండు పళ్లేలూ తీసి బల్ల మీద పెట్టింది.

"దీనికి నూనె రాశాం," అని మొదటి కేబుల్ పైకెత్తింది. టిప్పు సులువుగా లేచి వచ్చింది. చర్మం చెక్కుచెదరలేదు.

"దీనికి రాయలేదు." రెండో కేబుల్ ఎత్తింది. టిప్పుతోపాటు చర్మం లేచింది, చర్మంతోపాటు పళ్లెం లేచింది. పింగాణీ పళ్లెం కేబుల్ కొసన వేలాడుతూ అందరి ముందూ గిర్రున తిరిగింది. "నా కూతురి చెవిలో ఉన్నది ఇది. మీ పిల్లల చెవుల్లో ఉన్నది ఇదే. కేబుల్ తప్పన్నాం, వెండి కేబుల్ అమ్మాం. అబద్ధం. ఇప్పుడు అమ్మమ్మల తప్పని చెప్పమన్నారు. అదీ అబద్ధం. ఈయనకి నిన్న సాయంత్రమే తెలుసు!"

మైకు ఆగిపోయింది. ఎవరు ఆపారో చెప్పక్కర్లేదు. కానీ సింహాచలం కూతురికి మైకెందుకు? బడి ఆవరణంతా దద్దరిల్లించిన ఆ గొంతే కూతురి గొంతులోంచి లేచింది.

"ఎవరూ లాగకండి! టిప్పు పిల్లల చెవుల్లోంచి లాగకండి! డాక్టరు దగ్గరికి వెళ్లండి! మీ ఇంట్లో పెద్దవాళ్లని తిట్టకండి!"

జోగారావు వెనకనించి గట్టిగా, "కేబుల్ తప్పు కాదని కూడా రాసుకోండయ్యా!" అన్నాడు.

* * *

'లేత' అంగళ్లలోంచి పోయింది. వకుళ ఉద్యోగం కూడా పోయింది. దాని గురించి ఆమె ఏడవలేదు. డాక్టరు తబస్సుమ్ చుక్కల మందుతో మెత్తబరుస్తూ, మైక్రోస్కోపు కింద చూసుకుంటూ, కొన్ని రోజులపాటు కొంచెం కొంచెంగా ఆ టిప్పుని విడదీసింది. భేరి ఒక అంచున చిరిగింది. వినికిడి సగమే తిరిగొచ్చింది. మిగతా సగం రాదని చెప్పేసింది. "నూనె వేసుకోమని మాత్రం నేను ఇప్పటికీ చెప్పను," అని కూడా అంది. ఆమె డాక్టరు కదా.

ఆదివారం వచ్చింది. సింహాచలం అటక వైపు చూడలేదు. లాస్య కుడిచెవి అటు తిప్పి, "అమ్మమ్మా, తలంటవా?" అని అడిగింది. ముసలావిడ తల అడ్డంగా ఊపి బాల్కనీలోకి వెళ్లి కూర్చుంది.

వకుళ స్టూలెక్కి గిన్నె దించింది. నూనె కాచింది, వేలు ముంచి వేడి చూసుకుంది. గిన్నె తీసుకెళ్లి తల్లి పక్కన పెట్టి, నేల మీద కూర్చుని, ఆ ఒళ్లో తల పెట్టింది.

"అమ్మా, తప్పయిపోయింది."

కిందినించి కూరగాయల బండివాడి కేక వినిపించింది. అప్పుడు వకుళ వీపు మీద ఒక్కటి పడింది, అరచెయ్యి మొత్తం ఆనేలా.

"నా సేత్తో నా మనవరాల్ని సెవిటిదాన్ని సేసినానని ముద్ద దిగనేదే నాకు! ఇన్నాళ్లు!" ఇంకొకటి పడింది. "అడగొచ్చు గదా! ఒక్క మాట అడగొచ్చు గదా నన్ను!"

వకుళ ఏడుస్తోంది, ఆవిడా ఏడుస్తోంది. లాస్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. కాసేపటికి ముసలి వేళ్లు వకుళ జుట్టు పక్కకి తోశాయి. వెచ్చటి చుక్కలు రెండు చెవిలోకి జారాయి.

"రెండోపక్క తిరుగు," అంది సింహాచలం.

వకుళ తిరిగింది.